పొద్దున వాక్యం, రాత్రి పందెం

ప్రశ్న: అక్కా, మాది ప్రొద్దుటూరు. నాకు 36 ఏళ్లు. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్ట్ డ్యూటీ చేస్తాను. భార్య, ఇద్దరు ఆడపిల్లలు. చిన్నప్పటి నుంచి చర్చిలో పెరిగినవాణ్ణి. రోజూ మూడు అధ్యాయాలు చదివి, మోకరించి ప్రార్థన చేసుకున్నాకే ఏ పనైనా మొదలుపెడతాను. శుక్రవారం ఉపవాసం ఉంటాను. మా సంఘంలో యూత్ ట్రెజరర్‌ని కూడా.

రెండేళ్ల కిందట తోటి ఉద్యోగి పంపిన లింకుతో క్రికెట్ బెట్టింగ్ మొదలుపెట్టాను. మొదటి వారంలో ఆరు వేలు వచ్చాయి. ఇప్పటికి రూ.3.40 లక్షలు పోయాయి. నా భార్య హారం కుదువ పెట్టాను. అది బ్యాంకు లాకర్‌లో ఉందనే ఆమె అనుకుంటోంది. క్రిస్మస్ కోసం పోగుచేసిన యూత్ డబ్బు రూ.18 వేలు కూడా ఒకసారి వాడుకుని, నాలుగు రోజుల్లో తిరిగి పెట్టేశాను. ఎవరికీ తెలియదు. ఓడిన ప్రతిసారీ ఏడ్చి ఒట్టు పెట్టుకుంటాను. మళ్లీ నైట్ షిఫ్ట్ వస్తే అంతే. 'ప్రభువా, ఈ ఒక్క మ్యాచ్ గెలిపించు, అప్పు తీర్చి, దశమభాగం ఇచ్చి మానేస్తాను' అని ప్రార్థన చేసి మరీ డబ్బు పెట్టాను. డబ్బుకు ప్రభువును అప్పగించిన యూదా గుర్తొచ్చి భయమేస్తుంది. ఒక్కోసారి బతికి ఏం లాభం అనిపిస్తుంది. వాక్యం ప్రకారం బతకాలంటే నేను ఇంకా ఎంత చదవాలి, ఎంత ప్రార్థన చేయాలి?

జవాబు: తమ్ముడూ, మీ ఉత్తరంలో అప్పుల లెక్క కంటే ముందు నన్ను ఆపింది 'బతికి ఏం లాభం' అన్న మాట. ఆ ఆలోచన మళ్లీ వస్తే ఒంటరిగా ఉండొద్దు. డ్యూటీలో ఉన్నా సరే, పక్కనున్న మనిషి దగ్గరికి వెళ్లి కూర్చోండి. 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అని ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఉచిత నంబరు అది. రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు. మూడున్నర లక్షల అప్పు కొన్నేళ్లలో తీరుతుంది. మీ పిల్లలకు ఇంకో నాన్న రాడు.

యూదా గుర్తొస్తున్నాడన్నారు. అదే రాత్రి పేతురు కూడా ప్రభువును ఎరుగనని బొంకి పడ్డాడు కదా. ఇద్దరూ కుమిలిపోయారు. యూదా అయితే ముప్పై వెండి నాణేలూ తిరిగి ఇచ్చేశాడు, మత్తయి 27లో ఉంది. కాని గుండె బరువు దించుకోవడానికి అతను వెళ్లింది తనను వాడుకున్నవాళ్ల దగ్గరికే. "దానితో మాకేమి? నీవే చూచుకొనుము" అని వాళ్లు చేతులు దులుపుకున్నారు. అక్కడి నుంచి ఒంటరిగా వెళ్లిపోయాడు. పేతురు వెక్కి వెక్కి ఏడ్చాడు, కాని మూడో రోజు పొద్దున వెతికితే తోటి శిష్యుల దగ్గరే దొరికాడు. వాళ్లిద్దరికీ తేడా నాకు ఇక్కడే కనబడుతుంది. మీరు రెండేళ్లుగా ఏడుస్తున్నది గది తలుపు వేసుకుని. మీ గుట్టు తెలిసిన ఒకే ఒక్క మనిషి ఆ లింకు పంపిన స్నేహితుడు. తలుపు తీయాలి. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

ఎంత చదవాలి అని అడిగారు. మూడు అధ్యాయాలను ఆరు చేయమని నేను చెప్పను. మీరు చదువుతున్నది తక్కువేమీ కాదు. పొద్దున చదివిన వాక్యం పొద్దుననే ఉండిపోతోంది, రాత్రి రెండింటి దాకా మీతో రావడం లేదు.

మా అవ్వకు అక్షరం రాదు. జమ్మలమడుగు దగ్గర పల్లెలో చెనిక్కాయలు ఒలిచే కూలికి పోయేది. పొద్దున మా నాయన చదివే కీర్తనలో ఒక్క వచనం పట్టుకునేది, సాయంత్రం దాకా కాయలు ఒలుస్తూ దాన్నే గొణుక్కునేది. చిన్నప్పుడు అది ముసలివాళ్ల అలవాటు అనుకున్నాను. తర్వాత తెలిసింది, మొదటి కీర్తనలో 'దివారాత్రము ధ్యానించువాడు' అని ఉన్నచోట హీబ్రూ మాట 'హాగా'. నోట్లో గొణుక్కోవడం అనే అర్థం దానికి ఉంది. యెషయా 31లో సింహం వేట మీద నిలబడి గుర్రుమనడానికి కూడా అదే మాట వాడారు. చదువు రాని మా అవ్వ ఆ మాట ఎలా చెప్పిందో అలాగే చేసింది.

అరణ్యంలో యేసు ప్రభువు చేసిందీ అదే. నలభై రోజుల ఆకలి మీద ఉన్నప్పుడు శోధకుడు వచ్చాడు. యేసు మూడుసార్లు 'వ్రాయబడియున్నది' అన్నాడు, ఆ మూడు జవాబులూ ద్వితీయోపదేశకాండం 6, 8 అధ్యాయాలలోవే. అక్కడ ఆయన చేతిలో గ్రంథపు చుట్ట లేదు, నోటికి వచ్చి ఉన్నవే పలికాడు. మీరు కూడా ఈ నెల మూడు అధ్యాయాలు చదవండి, వద్దనను. కాని వారానికి ఒక్క వచనం నోటికి పట్టండి. కన్వేయర్ పక్కన నడుస్తున్నప్పుడు, టీకి లైన్లో నిలబడినప్పుడు పైకే అనుకోండి. మొదటి వారానికి గెత్సేమనేలో శిష్యులకు చెప్పిన మాట పెట్టుకోండి: "మీరు శోధనలో ప్రవేశించకుండునట్లు మెలకువగా ఉండి ప్రార్థనచేయుడి." నైట్ షిఫ్ట్ మనిషికి ఇంతకంటే దగ్గరి మాట ఏముంది?

ఇక 'ఈ ఒక్క మ్యాచ్ గెలిపించు' అన్న ప్రార్థన. ఇది చెప్పేటప్పుడు మీకు నొప్పి కలుగుతుందని తెలుసు. దేవాలయ శిఖరం మీద అపవాది కూడా వాక్యమే చెప్పాడు, 91వ కీర్తన. దూకు, దేవదూతలు పట్టుకుంటారు అన్నాడు. "ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదు" అని యేసు జవాబిచ్చాడు. మీరు డబ్బు పెట్టి, ఇక పట్టుకో ప్రభువా అన్నారు. దూకడం మీ వంతు, పట్టుకోవడం ఆయన వంతు అయిపోయింది. ఆ దశమభాగం ఆశ చూపడం కూడా వద్దు. ఆయనకు మీ గెలుపులో వాటా అక్కరలేదు. ఆ మ్యాచ్ ఓడిపోయాక దేవుడు నన్ను వదిలేశాడు అని మీకు అనిపించి ఉంటుంది. వదలలేదు. ఆయన ఎన్నడూ ఇవ్వని మాట ఒకటి మీరు ఆయన పేరు మీద రాసుకున్నారు, అంతే.

ఈ జబ్బు ఎలా పట్టుకుంటుందో కూడా తెలుసుకోండి. మొదటి వారం వచ్చిన ఆ ఆరు వేలే గాలానికి గుచ్చిన ఎర. తర్వాత, పోయింది రాబట్టుకోవాలనే యావ. ఒక్క బంతి తేడాతో ఓడినప్పుడు మన మెదడు దాన్ని ఓటమిగా లెక్కపెట్టదు, 'దాదాపు గెలిచాం' అనుకుంటుంది. మానసిక వైద్యులు 2013 నుంచి జూదపు వ్యసనాన్ని మందు, మత్తు వ్యసనాల వరుసలోనే పెట్టారు. అందుకే మీరు కడప రిమ్స్‌లో మానసిక వైద్య విభాగానికి ఒకసారి వెళ్లాలి. విశ్వాసం తక్కువై డాక్టర్ దగ్గరికి పోతున్నానని అనుకోవద్దు. లూకాను పౌలు 'ప్రియుడైన వైద్యుడు' అని పిలిచాడు.

యాకోబు పత్రిక మొదటి అధ్యాయం 14, 15 వచనాలు నెమ్మదిగా చదవండి. దురాశ ఈడుస్తుంది, గర్భం ధరిస్తుంది, పాపాన్ని కంటుంది, పాపం పెరిగి మరణాన్ని కంటుంది. మీరు పోరాడుతున్నది మూడో మెట్టు మీద, యాప్ తెరిచి డబ్బు పెట్టే క్షణంలో. అక్కడ మీకంటే బలవంతులే ఓడిపోయారు. మొదటి మెట్టు ఎక్కడుందో వెతకండి. మీ ఉత్తరం బట్టి చూస్తే అది నైట్ షిఫ్ట్‌లో పని తగ్గే వేళ, ఒంటరితనం, చేతిలో ఫోన్, ఖాతాలో కొత్తగా పడిన జీతం. యోసేపు పోతీఫరు ఇంట్లో నిలబడి ప్రార్థన చేశాడని ఆదికాండంలో లేదు. తనను పాపానికి లాగిన పోతీఫరు భార్య చేతిలో వస్త్రం వదిలేసి బయటికి పారిపోయాడు. మీ వస్త్రం ఆ స్మార్ట్‌ఫోన్. డ్యూటీకి కీప్యాడ్ ఫోన్ తీసుకెళ్లండి. సిమ్ మార్చండి, ఆ గ్రూపుల నుంచి బయటికి రండి. మన రాష్ట్రంలో 2020లోనే ఆన్‌లైన్ పందేలను నిషేధించారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతా ఆపేస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా చట్టం చేసింది. అయినా దొంగదారి లింకులు వస్తూనే ఉంటాయి. కాబట్టి కంచె మీ ఇంట్లో ఉండాలి. జీతం ఖాతా మీ భార్య చేతికి ఇవ్వండి, మీ ఫోన్‌లో యూపీఐ తీసేయండి. నెహెమ్యా గోడ కడుతున్నప్పుడు ప్రార్థన చేశాడు, రాత్రింబగళ్లు కావలి కూడా పెట్టాడు. కావలి పెట్టినందుకు ఆయన విశ్వాసాన్ని ఎవరూ తప్పుపట్టలేదు.

ఆశ అలలాగా లేస్తుంది. చాలామందికి ఇరవై, ముప్పై నిమిషాల్లో దిగిపోతుంది. ఆ అరగంట మీరు మనుషుల మధ్య ఉంటే చాలు. "శోధనతోకూడ తప్పించుకొను మార్గమును కలుగజేయును" అని పౌలు కొరింథీయులకు రాశాడు. ఆ మార్గం చాలాసార్లు లేచి క్యాంటీన్ దాకా నడవడం అంత మామూలుగా ఉంటుంది.

యూత్ డబ్బు సంగతి. తిరిగి పెట్టేశారు, మంచిదే. అయినా ఈ ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టర్ గారిని గానీ, మీకు నమ్మకమున్న ఒక సంఘపెద్దను గానీ పక్కకు పిలిచి జరిగింది చెప్పండి. పుస్తకం, డబ్బు లెక్కపెట్టి అప్పగించేయండి. అందరి ముందు సాక్ష్యం చెప్పాల్సిన పని ఇప్పుడు లేదు. "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అన్నాడు యాకోబు, మైకు పట్టుకొమ్మనలేదు. ఆ ఒక్కరిని మాత్రం వారానికి రెండుసార్లు ఫోన్ చేసి 'ఆడావా?' అని సూటిగా అడగమనండి.

అప్పులన్నీ ఒక కాగితం మీద రాయండి, ఏదీ దాచకుండా. అప్పు తీర్చడానికి కొత్త అప్పు, ముఖ్యంగా లోన్ యాప్‌లలో, వద్దే వద్దు. హారం కుదువ గడువు ఎప్పటికి ఉందో ఈ వారమే కనుక్కోండి. వడ్డీ కట్టి గడువు పొడిగించుకోవచ్చేమో అడగండి. వేలం దాకా రానివ్వకూడదు.

ఇక అన్నిటికంటే కష్టమైనది. మీ భార్యకు ఎవరో చెప్పేలోపు మీరే చెప్పాలి. నైట్ షిఫ్ట్ లేని వారంలో, పిల్లలు నిద్రపోయాక, ఇద్దరూ కూర్చున్నప్పుడు. చుట్టూ తిప్పకుండా హారంతోనే మొదలుపెట్టండి: 'నీ హారం లాకర్‌లో లేదు, నేను కుదువ పెట్టాను.' తర్వాత మొత్తం అంకె. సగం చెప్పి సగం దాస్తే, రెండోసారి బయటపడ్డప్పుడు ఆమె మిమ్మల్ని ఇక నమ్మదు. కాగితం, కుదువ రసీదు, బ్యాంకు కార్డు ఆమె చేతిలో పెట్టండి. ఆమె ఏడుస్తుంది, అరుస్తుంది, పుట్టింటికి పోతానంటుంది. వినండి. ఆ రాత్రి మాత్రం దయచేసి క్షమాపణ వచనాలు ఆమెకు చదివి వినిపించవద్దు. డెబ్బది ఏళ్ల మారులు, అంటే డెబ్బై ఏడుల సార్లు, క్షమించమని ఉంది కదా అని గుర్తుచేయవద్దు. ఆ వాక్యం ఆమెకు ఎప్పుడు వినబడాలో అది ఆమెకూ దేవునికీ మధ్య సంగతి. మీకు చెప్పిన వాక్యం వేరే ఉంది, మీరు ఒప్పుకోవాలి, తిరిగి కట్టాలి.

కొన్ని నెలలు బాగానే ఉంటారు. అప్పుడు జాగ్రత్త. అరణ్యంలో కూడా అపవాది "కొంతకాలము ఆయనను విడిచిపోయెను" అనే లూకా రాశాడు. ఐపీఎల్ మొదలయ్యే ముందు వారం మీరు ముగ్గురూ, అంటే మీరు, మీ భార్య, ఆ సంఘపెద్ద, ఒకసారి కూర్చోండి. ఒకవేళ మళ్లీ పడితే ఆ రోజే, ఆ గంటలోనే చెప్పండి, ఒట్లు పెట్టుకుంటూ కూర్చోవద్దు.

మీరు చెప్పిన మర్నాడు సాయంత్రం కుటుంబ ప్రార్థనకు ఆమె రాకపోవచ్చు. రమ్మని పిలవొద్దు. పిల్లలిద్దరినీ కూర్చోబెట్టుకుని వాళ్లకు వచ్చిన పాట ఒకటి పాడి, వాళ్ల అమ్మ కోసం ప్రార్థన చేసి, దుప్పటి కప్పి పడుకోబెట్టండి.