కైవసం అని ఎప్పుడు రాయాలి?

ప్రశ్న: సార్ నమస్తే. కౌంటింగ్ రోజు ఇంకా నాలుగైదు రౌండ్లు ఉండగానే టీవీ స్క్రోలింగ్‌లో 'సీటు కైవసం' అని వేసేస్తున్నారు, పేపర్లలో చూస్తే ఒక్క టీ20 గెలిచినా కైవసమే. గెలవడానికీ దీనికీ తేడా లేదా?
- ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా

జవాబు: ఉందండీ, బాగా ఉంది. చేతికి చిక్కింది, ఇక ఎవరూ లాక్కోలేరు అన్నప్పుడే కైవసం. మిగిలినవన్నీ ఓడిపోయినా ఇది మనదేనా అని చూసుకుని రాయాలి.

2024లో ఇంగ్లండ్ వచ్చినప్పుడు హైదరాబాద్‌లో ఓడాం, వైజాగ్‌లో, రాజ్‌కోట్‌లో గెలిచాం, అప్పటికి 2-1 ఆధిక్యమే కదా, ఫిబ్రవరి 26న రాంచీలో 5 వికెట్ల తేడాతో గెలిచేసరికి 3-1 అయింది, ఇక ధర్మశాలలో ఏమైనా సిరీస్ మనదే. కైవసం అనే మాట రాంచీ రోజుది. వైజాగ్ టెస్టుకైతే 'గెలిచాం' చాలు.

ఇంకా గమ్మత్తైనది 2023లో ఆస్ట్రేలియాతో. ఢిల్లీలో గెలిచి 2-0 అయ్యాం, బోర్డర్-గవాస్కర్ ట్రోఫీ అప్పటికే మన దగ్గరుంది, సిరీస్ సమమైనా అది మన దగ్గరే ఉంటుంది కాబట్టి ఆ రోజు 'ట్రోఫీ నిలబెట్టుకున్నాం' అని రాయొచ్చు, కానీ సిరీస్ ఇంకా రాలేదు, ఇండోర్‌లో వాళ్లు గెలిచారు కూడా. మార్చి 13న అహ్మదాబాద్ టెస్టు డ్రా అయ్యాకే 2-1తో సిరీస్ కైవసం. ఆఖరి మ్యాచ్ గెలవకుండానే!

ఇక మీ ఊరి సంగతి. ఆంధ్రాలో మున్సిపల్ ఛైర్మన్‌ని వార్డు సభ్యులు ఎన్నుకుంటారు, అందుకే సగానికి పైగా వార్డులొచ్చిన పార్టీకి 'మున్సిపాలిటీ కైవసం' అని రాయడం మనవాళ్లకి అలవాటు. ఒడిశాలో 2022 నుంచి ఛైర్‌పర్సన్‌కీ మేయర్‌కీ జనమే నేరుగా ఓటేస్తున్నారు, అంటే వార్డులన్నీ ఒక పార్టీకొచ్చి కుర్చీ ఇంకొకరికి పోవచ్చు. పర్లాకిమిడి, బరంపురం వార్తలు రాసేవాళ్లు వార్డుల లెక్క ఒక్కటే చూసి కైవసం అంటే ఊరి జనానికి తప్పు చెప్పినట్టే, నాకు అది నిజంగా బాధ అనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ తెలుగులో వార్త చదివేవాళ్లకి ఉన్న పేపర్లే తక్కువ.

హెడ్డింగ్‌లో చోటు చాలదంటారు డెస్క్‌వాళ్లు, మూడక్షరాల మాట కాబట్టి ఇట్టే ఇమిడిపోతుంది, నిజమే. కానీ 'ముందంజ' కూడా అంతేగా! రిటర్నింగ్ ఆఫీసర్ ఫలితం ప్రకటించేదాకా ముందంజ, ప్రకటించాక గెలుపు. ఒడిశా అసెంబ్లీలో మొత్తం 147 సీట్లు, అందులో ఒక పార్టీకి 74 వచ్చాయని ప్రకటించాక అధికారం కైవసం అని నిక్షేపంగా రాసుకోవచ్చు.