డెన్మార్క్‌లో మొదటిసారి సైకిల్ తొక్కేవాళ్లు ఏం తెలుసుకోవాలి?

కోపెన్‌హాగన్‌లో సైకిల్ అద్దెకు తీసుకునేవాళ్లు ముందుగా ఎడమవైపు తిరగడం నేర్చుకోవాలి. మనలాంటి కొత్తవాళ్లు తడబడేది అక్కడే. పైగా అక్కడ బండ్లు కుడివైపున నడుస్తాయి. కూడలిలో ఎడమకు తిరగాలంటే కార్లతో పాటు రోడ్డు మధ్యకు వెళ్లకూడదు. నేరుగా అవతలి మూలకు దాటాలి, ఆగుతున్నానని వెనకవాళ్లకు తెలిసేలా చెయ్యి పైకెత్తాలి, కుడి అంచున ఆగి సైకిల్ తిప్పుకోవాలి. ఆ దారికి పచ్చలైటు పడ్డాకే కదలాలి.

కాలిబాటకూ రోడ్డుకూ మధ్య కాస్త ఎత్తులో ఉండేదే సైకిల్ దారి. నెమ్మదిగా వెళ్లేవాళ్లు కుడి అంచున ఉండాలి. వెనక గంట మోగితే కోపంతో కాదు, దారి ఇమ్మని. దయచేసి ఫొటోల కోసం మధ్యలో ఆగకండి. బస్సు దిగేవాళ్లు నేరుగా సైకిల్ దారిలోకే అడుగుపెడుతుంటే ఆగి తీరాలి. చీకటి పడితే లైట్లు తప్పనిసరి. పెద్దలకు హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి కాదు గానీ, పెట్టుకుంటేనే మంచిదని నా అభిప్రాయం.

ఇదంతా ఎప్పటినుంచో ఇలాగే ఉందనుకోవద్దు. 1960ల నాటికి అక్కడా కార్లే రాజ్యమేలాయి. 1973 చమురు సంక్షోభం, ఆ తర్వాత సైకిల్ దార్ల కోసం జనం చేసిన ప్రదర్శనలు పరిస్థితిని మార్చాయి. ఇప్పుడు నోరెబ్రోగేడ్ వీధిలో ఉదయం రద్దీవేళ గంటకు 20 కిలోమీటర్ల వేగంతో ఊరి మధ్యకు వెళ్తుంటే పచ్చలైట్లు వరుసగా పడేలా అమర్చారు. సైకిల్‌కు ముందున్న పెట్టెలో పిల్లల్ని కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్లే అమ్మానాన్నలు అక్కడ మామూలు దృశ్యం.

అలసిపోతే ఊళ్లోనూ శివార్లలోనూ తిరిగే లోకల్ రైలు, అంటే ఎస్-రైలు, ఎక్కండి, సైకిల్‌కు టికెట్ అక్కర్లేదు. మెట్రోలో మాత్రం కావాలి.