సోలార్ సీటు సరే, పాపనడిగారా?

ప్రశ్న: మాది పలమనేరు, టమోటా మండీ నడుపుతాను. పాప ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. తిరుపతి దగ్గర కాలేజీలో కన్వీనర్ కోటాలో ట్రిపుల్‌ఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్) సీటొచ్చింది. ఇంకో కాలేజీవాళ్లు కొత్తగా పెట్టిన రెన్యూవబుల్ ఎనర్జీ బీటెక్‌లో మేనేజ్‌మెంట్ సీటిస్తామంటున్నారు. రేపంతా సోలారే అని మా బావమరిది పట్టుబడుతున్నాడు. రెంటినీ పోల్చి చెప్పండి. పాప ఎండలో ప్లాంట్ల వెంట తిరగాల్సొస్తుందా?

జవాబు: మండీ నడిపేవారికి నేను చెప్పాలా? కిలో వంద పలికిందంటే ఊరంతా టమోటా నారు పోస్తుంది. కాయ మండీకొచ్చేసరికి బండి బాడుగ కూడా గిట్టదు. కోర్సుల పేర్లూ అంతే.

సోలార్ పెరగడం అబద్ధం కాదు. 2014లో దేశం మొత్తానికి మూడు గిగావాట్లు (గిగావాటంటే వెయ్యి మెగావాట్లు) కూడా లేనిది, 2025 జనవరికల్లా 100 దాటింది. కర్నూలు సోలార్ పార్కు ఒక్కటే 1000 మెగావాట్లు. అయితే మెగావాట్లను ఉద్యోగాలుగా లెక్కేయకండి. పార్కు కట్టేటప్పుడు బోలెడు మంది కావాలి. కట్టేశాక ప్యానెళ్లు కడిగేవాళ్లు, వాచ్‌మన్లు, ఇన్వర్టర్లు చూసుకునే నలుగురూ మిగులుతారు. సైటు అయిపోతే ఇంజినీరు ఇంకో కాంట్రాక్టర్‌ను వెతుక్కోవాలి. ఈ మాట ఏ బ్రోచర్లోనూ ఉండదు. ఒకప్పుడు నేనే ఇద్దరు పిల్లల్ని సోలార్ ట్రైనింగుకు పంపాను. ఒకడు నిలదొక్కుకున్నాడు. రెండోవాడు సెల్‌ఫోన్ షాపులో ఉన్నాడు. వాడు కనబడితే నాకిప్పటికీ మొహం చెల్లదు.

మొన్న కొర్లగుంటలో ఒక స్నేహితుడి మిద్దెక్కాను. కేంద్రం సూర్యఘర్ పథకం కింద 78,000 సబ్సిడీతో మూడు కిలోవాట్లు పెట్టించాడు, బిల్లు మాత్రం అనుకున్నంత తగ్గలేదు. బిగించినవాళ్లు ఫోనెత్తడం మానేశారు. చివరికి తెలిసినవాళ్ల ద్వారా ఒకమ్మాయి వచ్చి, మీటరు పట్టుకుని పొద్దు వాలేదాకా అక్కడే కూర్చుంది. మూడు దాటాక నీళ్ల ట్యాంకు నీడ చివరి ప్యానెల్ మీదికి పాకింది. అన్నీ ఒకే వరుసలో కలిపారు గనక ఒకటి నీరసపడితే వరుసంతా కుంటుతోంది. ఆ ప్యానెల్‌ను అవతలి గోడ వైపుకి మార్పించింది. ఆ అమ్మాయి చదివింది డిప్లొమా ట్రిపుల్‌ఈ. సర్టిఫికెట్లో సోలార్ అన్న మాటే లేదు.

పోలిక అడిగారు గానీ, మీ అసలు భయం ఎండ. ఈ చదువుతో పాప తిరగాల్సినవి మిద్దెలూ బీళ్లూ మాత్రమే కాదు. సాయంత్రం ఏడింటికి ఊరంతా స్విచ్చులేసే వేళకు సూర్యుడుండడు. పగటి కరెంటును అప్పటిదాకా ఎలా దాచాలి, ఏ లైను ఎంత మోస్తుంది అన్నదే ఇప్పుడు పెద్ద తలనొప్పి. కర్నూలు వైపు పిన్నాపురంలో నీళ్లను పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే ప్రాజెక్టు అందుకే. సబ్‌స్టేషన్లు, ఎక్కడికి ఎంత కరెంటు పంపాలో చూసే లోడ్ డిస్పాచ్, బ్యాటరీలు, వీటన్నిటికీ పునాది ఎలక్ట్రికలే. మనకు కరెంటిచ్చే ఎస్పీడీసీఎల్ హెడ్డాఫీసు తిరుపతిలోనే ఉంది, అమరరాజా బ్యాటరీలు కరకంబాడిలో తయారవుతున్నాయి. ఉద్యోగం ఖాయమని నేననను, తలుపులు ఎక్కువని మాత్రం అంటాను. సోలార్ మీద ఇష్టముంటే ట్రిపుల్‌ఈలోనే ఆ ప్రాజెక్టు చేసుకోవచ్చు, ఆ తర్వాత ఎంటెక్ ఉండనే ఉంది. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) ఎలక్ట్రికల్ పోస్టుకు ఈ కొత్త రెన్యూవబుల్ డిగ్రీ చెల్లుతుందా అని ఆ రెండో కాలేజీని రాతపూర్వకంగా అడిగి చూడండి.

ఇక మీకే ఒక మాట, కోపం తెచ్చుకోకండి. ఇక్కడ కుదించి వేశాం గానీ, మీ రెండు పేజీల ఉత్తరంలో బావమరిది మాట నాలుగుసార్లొచ్చింది. పాప ఏమంటోందో ఒక్క ముక్క లేదు. నాలుగేళ్లు చదవాల్సింది ఆయనా? ఆడపిల్ల ఎండలో నల్లబడుతుందేమోనని మీరు బెంగపడుతున్నారు, ఆ పిల్ల ఇంట్లో ఫ్యూజు కట్టడానికి ఎగబడే రకమేమో మీకేం తెలుసు?

కన్వీనర్ సీటుకు రిపోర్టు చేసే గడువు దాటనివ్వకండి. రెండో కాలేజీకి అడ్వాన్సు కట్టకండి. ఆదివారం పాపను తీసుకుని రండి. మీరు బయట బెంచీ మీద కూర్చోవాలి. బావమరిది పలమనేరులోనే ఉంటే మేలు.