లాబీయింగ్ చేశారా, లాబీయిస్టుగా పనిచేశారా?

సందేహం: ఫ్లోరిడాలోని తెలుగువాళ్ల పత్రికకు అక్కడి రాజకీయాల మీద వ్యాసం రాస్తున్నాను. శాసనసభ్యుడిగా చేసి తర్వాత లాబీయిస్టు (డబ్బు తీసుకుని ఒకరి తరఫున చట్టసభల వాళ్లను ఒప్పించేవాడు) అయిన మనిషిని ‘పైరవీకారుడు’ అనవచ్చా? ‘లాబీయింగ్ చేశారు’ అంటే సరిపోతుందా?

సమాధానం: రెండూ వద్దంటాను.

‘పైరవీ’ పారసీ నుంచి వచ్చిన మాట. అడుగు వెంట నడవడం, అనుసరించడం దాని అసలు అర్థం. వకీలు ఒకరి తరఫున కేసు నడపడాన్ని హిందీలో ఇప్పటికీ ‘పైరవీ’ అంటారు, అందులో నింద లేదు. మన దగ్గర మాత్రం బదిలీకో కాంట్రాక్టుకో చాటుగా చేయించే సిఫారసుకు ఆ పేరు స్థిరపడింది. ఫ్లోరిడాలో లాబీయిస్టు ఎవరి తరఫున పనిచేస్తున్నాడో నమోదు చేయించుకోవాలి. లాబీయింగ్ సంస్థలు మూడు నెలలకోసారి తమకు ముట్టిన సొమ్ము లెక్క చెప్పాలి. ఆ వృత్తి మంచిదా చెడ్డదా అన్నది మీ వ్యాసంలో వాదించండి, పేరులోనే తీర్పు చెప్పేయకండి.

‘లాబీయింగ్’తో వచ్చే చిక్కు ఇంకా పెద్దది. ‘మంత్రి పదవి కోసం ఢిల్లీలో లాబీయింగ్’ అని మన పేపర్లు రోజూ రాస్తాయి. అంటే తెలుగులో లాబీయింగ్ ఎక్కువగా తన కోసం తాను చేసుకునేది. అమెరికాలో లాబీయిస్టు డబ్బు తీసుకుని మరొకరి కోసం చేస్తాడు. జాన్ థ్రాషర్ సంగతే చూడండి. 1998 నుంచి 2000 దాకా ఫ్లోరిడా ప్రతినిధుల సభ స్పీకరు. తర్వాత ఒక లాబీయింగ్ సంస్థ స్థాపకుల్లో ఒకరయ్యారు. 2009లో ఆ రాష్ట్ర సెనేటుకు ఎన్నికై మళ్లీ చట్టసభకు వచ్చారు. ‘స్పీకర్ పదవి దిగాక థ్రాషర్ లాబీయింగ్ మొదలుపెట్టారు’ అని రాస్తే గుంటూరులో చదివేవాడు ‘ఏ టికెట్టు కోసమో’ అనుకుంటాడు. ‘క్లయింట్ల తరఫున లాబీయిస్టుగా పనిచేశారు’ అనండి. ‘తరఫున’ అన్న ఒక్క మాటతో అర్థం దారిలో పడుతుంది. కాస్త వాడుక రుచి కావాలంటే ‘వకాల్తా పుచ్చుకున్నారు’ అనే నుడి మనకు ఉండనే ఉంది.

2018లో ఫ్లోరిడా ఓటర్లు రాజ్యాంగ సవరణ ఒకటి ఆమోదించారు. సభ్యత్వం పోయాక డబ్బు తీసుకుని లాబీయిస్టుగా పనిచేయకూడదన్న నిషేధం అంతకుముందు రెండేళ్ల పాటు ఉండేది, దాంతో ఆరేళ్లయింది, 2022 డిసెంబరు 31 నుంచి అమలు. దీన్ని రాసేటప్పుడు మరీ జాగ్రత్త. ‘మాజీలు ఆరేళ్లు లాబీయింగ్ చేయకూడదు’ అని వదిలేస్తే, సొంత పని మీద కూడా పాత మిత్రుల్ని కలవకూడదేమో అనిపిస్తుంది. ‘డబ్బు తీసుకుని’ అన్నది ఆ సవరణలోనే ఉంది. మీ వాక్యంలోనూ ఉండాలి.

ఇక రాత సంగతి. ‘లాబిస్టు’ కాదు, ‘లాబీయిస్టు’. ‘మా అమ్మ’ మాయమ్మ అయినట్టే ఇక్కడా రెండు అచ్చుల మధ్య యకారం వచ్చింది.