వాడిన స్కూబా రెగ్యులేటర్ ఆన్‌లైన్‌లో కొన్నాక లోపం బయటపడితే: ముందు బాగు చేయించాలా, ముందు నోటీసివ్వాలా?

ప్రశ్న: ఒక ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లో డైవింగ్ సామాను అమ్మే విక్రేత దగ్గర వాడిన స్కూబా రెగ్యులేటర్ (సిలిండర్ గాలి ఒత్తిడిని తగ్గించి డైవర్‌కు పీల్చుకోవడానికి ఇచ్చే పరికరం) సెట్టు తక్కువ ధరకు వస్తోందని కొన్నాను. ‘ఈమధ్యే పూర్తి సర్వీస్ చేయించినది, నేరుగా నీళ్లలోకి దిగవచ్చు’ అని ప్రకటనలో ఉంది. అడుగున చిన్న అక్షరాల్లో ‘వాడిన సరుకు, ఉన్నది ఉన్నట్టుగా అమ్మకం, వాపసు లేదు’ అని కూడా ఉంది. సిలిండర్‌కు బిగించి గాలి వదిలితే కొద్ది నిమిషాలకు సెకండ్ స్టేజ్ (నోట్లో పెట్టుకునే భాగం) నుంచి గాలి దానంతటదే కారుతోంది. ఫస్ట్ స్టేజ్‌లో (సిలిండర్‌కు బిగించే భాగంలో) గాలిని మూసే సీటు అరిగినట్టుంది, విప్పి విడిభాగాల కిట్ మార్చాలి అని టెక్నీషియన్ చెప్పాడు. విక్రేతేమో వాపసు లేదంటున్నాడు, మార్కెట్‌ప్లేస్ వాళ్లు తాము మధ్యవర్తులమేనంటున్నారు. ముందు బాగు చేయించుకుని, ఆ ఖర్చు తర్వాత రాబట్టుకోవచ్చా?

జవాబు: రాబట్టుకోవచ్చు. కానీ అలా చేస్తే మీ కేసు సగం బలం పోతుంది. కాబట్టి ఆ రెగ్యులేటర్‌ను ఇప్పుడే విప్పించకండి.

కారణం సరుకుల విక్రయ చట్టం, 1930లో ఉంది. ప్రకటనలో చెప్పిన వర్ణనకు సరిపోని సరుకు వస్తే దాన్ని తిరస్కరించే హక్కు కొనుగోలుదారుకు ఉంటుంది (సెక్షన్ 15). అయితే సరుకును ‘అంగీకరించిన’ తర్వాత ఆ హక్కు పోయి, నష్టపరిహారం అడిగే హక్కు మాత్రమే మిగులుతుంది (సెక్షన్ 13). అంగీకారం అంటే నోటితో సరే అనడమొక్కటే కాదు. విక్రేత యాజమాన్యానికి విరుద్ధమైన పని ఏది చేసినా, తిరస్కరిస్తున్నట్టు చెప్పకుండా తగిన సమయం దాటే వరకు అట్టిపెట్టుకున్నా సెక్షన్ 42 ప్రకారం అంగీకరించినట్టే. ఫస్ట్ స్టేజ్ విప్పించి భాగాలు మార్పించడం అలాంటి పనేనని అవతలి లాయరు తప్పకుండా వాదిస్తాడు. పైగా పాత సీటు చెత్తబుట్టలోకి పోతే లోపానికి ఉన్న ఒకే ఒక్క భౌతిక సాక్ష్యం కూడా పోతుంది. ‘మీ టెక్నీషియనే పాడు చేశాడు’ అంటే మీ దగ్గర జవాబు ఉండదు.

విప్పకుండానే లోపాన్ని రుజువు చేయవచ్చు. మీరు చెప్పిన లక్షణాన్ని టెక్నీషియన్లు ‘ఐపీ క్రీప్’ (మధ్యస్థ ఒత్తిడి నిలవకుండా మెల్లగా పెరగడం) అంటారు. సిలిండర్‌లోని 200 బార్ ఒత్తిడిని ఫస్ట్ స్టేజ్ సాధారణంగా 9 నుంచి 10 బార్‌కు తగ్గించి హోస్‌లోకి వదలాలి. ఇదే మధ్యస్థ ఒత్తిడి. లోపలి సీటు మీద గాడి పడితే అది పూర్తిగా మూసుకోదు, సన్నగా గాలి చొరబడుతూనే ఉంటుంది. హోస్‌లో ఒత్తిడి అలా పెరిగి పెరిగి చివరికి సెకండ్ స్టేజ్ వాల్వును తోసుకుని బయటకు కారుతుంది. మీరు చూసింది సరిగ్గా అదే కావచ్చు. కాకపోతే సెకండ్ స్టేజ్ సర్దుబాటు తప్పినా గాలి కారుతుంది, అది చిన్న పని. రెండింటికీ తేడా తేల్చేది గేజే.

కాబట్టి టెక్నీషియన్‌తో ఇలా చేయించండి. నిండు సిలిండర్‌కు రెగ్యులేటర్ బిగించి, బీసీడీకి (డైవర్ తొడుక్కునే, గాలి నింపే జాకెట్టుకు) వెళ్లే ఇన్‌ఫ్లేటర్ హోస్ చివర మధ్యస్థ ఒత్తిడి గేజ్ తగిలించి, సెకండ్ స్టేజ్ మీద గాలి వదిలే పర్జ్ బటన్ నాలుగైదుసార్లు నొక్కి వదిలేయాలి. ముల్లు మొదటి కొన్ని సెకన్లలో కాస్త పైకి జరిగి నిలిచిపోతే ఫర్వాలేదు. ఆ తర్వాత కూడా ఎక్కుతూనే ఉంటే క్రీప్ ఉన్నట్టు. పది నిమిషాల పాటు ముల్లు, సీరియల్ నంబరు, గడియారం మూడూ ఒకే ఫ్రేములో కనపడేలా ఆపకుండా వీడియో తీయండి. సిలిండర్‌లో గాలి తగ్గాక, దాదాపు 50 బార్ దగ్గర, ఇంకోసారి తీయండి. ఫస్ట్ స్టేజ్ ముఖద్వారంలో కనపడే చిన్న లోహపు ఫిల్టర్‌ను దగ్గరగా ఫోటో తీయడం మరిచిపోకండి. అది పచ్చగా ఉంటే లోపలికి నీరు, ముఖ్యంగా ఉప్పునీరు, వెళ్లి లోహం చిలుము పట్టినట్టు. ఎర్రటి గోధుమ రంగులో ఉంటే స్టీలు సిలిండర్ తుప్పు చేరినట్టు. పూర్తి సర్వీస్ అంటే సీటు, ఓరింగులతో (గాలి కారకుండా ఆపే రబ్బరు వలయాలతో) పాటు ఈ ఫిల్టర్ కూడా మార్చాలి. పచ్చటి ఫిల్టర్‌తో వచ్చిన రెగ్యులేటర్‌కు ‘ఈమధ్యే పూర్తి సర్వీస్’ అన్న మాట అతకదు. కోర్టులో పదిమంది సాక్షుల కంటే ఆ ఒక్క ఫోటో మేలు.

టెక్నీషియన్ దగ్గర అభిప్రాయం లిఖితపూర్వకంగా తీసుకోండి: పరీక్షించిన తేదీ, సీరియల్ నంబరు, సిలిండర్ ఒత్తిడి, ఆరంభంలో గేజ్ రీడింగు, పది నిమిషాల తర్వాత రీడింగు, తయారీదారు చెప్పిన పరిమితి, అతని శిక్షణ అర్హత. ‘రెగ్యులేటర్ విప్పలేదు’ అన్న వాక్యం కూడా అందులో ఉండాలి. విప్పి చూస్తే తప్ప తేలదని అవతలివాళ్లు పట్టుబడితే, వినియోగదారుల కమిషనే వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 కింద వస్తువును సీలు వేసి ల్యాబొరేటరీకి పంపగలదు.

ఇక ‘ఉన్నది ఉన్నట్టుగా, వాపసు లేదు’ సంగతి. ఆ మాటకు బొత్తిగా విలువ లేదని చాలామంది అనుకుంటారు, అది తప్పు. చట్టం తనంతట తాను కల్పించే హామీలను పార్టీలు ఒప్పందంతో తీసేసుకోవచ్చని విక్రయ చట్టం సెక్షన్ 62 చెబుతోంది. గీతలు, క్రోమ్ పోవడం, మౌత్‌పీస్ నలగడం, హోస్ వయసు మీరడం లాంటివాటికి ఆ వాక్యం విక్రేతను కాపాడవచ్చు. కానీ తాను నోరారా చెప్పిన వాస్తవాన్ని అదే కాగితం మీద వెనక్కి లాక్కోలేడు. ‘పూర్తి సర్వీస్ చేయించినది’ అన్నది వాస్తవ కథనం. అబద్ధమని తెలిసీ రాస్తే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 17 కింద మోసం, నిజమని నమ్మి రాసినా సెక్షన్ 18 కింద తప్పుడు కథనం. రెండు సందర్భాల్లోనూ ఒప్పందాన్ని రద్దు చేసుకునే వీలు మీకుంటుంది. విక్రేతను సర్వీస్ రసీదు అడగండి: ఎవరు చేశారు, ఏ తేదీన, ఏ కిట్ వాడారు. రసీదు చూపలేకపోతే ఆ మౌనమే మీకు పనికొస్తుంది.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 మీ దారిని ఇంకా సులువు చేస్తుంది. లోపమున్న సరుకును వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వకపోవడం సెక్షన్ 2(47) ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో గడువు రాయకపోతే 30 రోజులు లెక్క. పాతదాన్నో, బాగు చేసినదాన్నో కొత్తదిగా చూపడమూ అదే సెక్షన్ కిందికి వస్తుంది. ఇ-కామర్స్ నియమాలు, 2020లో 6వ నియమం ప్రకారం ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని సరుకును వాపసు తీసుకోనని మార్కెట్‌ప్లేస్ విక్రేత అనకూడదు.

ఒక తిరకాసు ఉంది. వృత్తిగా కాకుండా తన ఇంట్లో పడున్న సామాను అమ్ముకునే వ్యక్తికి ఈ ఇ-కామర్స్ నియమాలు వర్తించవు. అలాంటివాళ్ల మీద వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు నిలబెట్టడమూ కష్టమే. సివిల్ కోర్టు, విక్రయ చట్టం, కాంట్రాక్టు చట్టమే గతి. మీ విక్రేత డైవింగ్ సామాను అమ్మకమే పనిగా పెట్టుకున్నాడని అంటున్నారు కాబట్టి ఆ ఇబ్బంది లేదు. అయినా అతని ఖాతాలో ఉన్న మిగతా అమ్మకాల పేజీలను కూడా భద్రం చేయండి. రేపు ‘నేను వ్యాపారిని కాను’ అనే అవకాశం ఉంది.

మీ వైపు నుంచి చూసుకోవలసింది, మీరు ‘వినియోగదారు’ అవుతారా అన్నది. సొంత డైవింగ్‌కు కొంటే సందేహం లేదు. పొట్టకూటికి సొంతంగా శిక్షణ ఇచ్చే ఇన్‌స్ట్రక్టర్ అయినా చట్టంలోని వివరణ కాపాడుతుంది. అద్దెకిచ్చే వ్యాపారానికి సెట్లకు సెట్లు కొంటే మాత్రం ఈ చట్టం కిందికి రారు.

మార్కెట్‌ప్లేస్ ‘మధ్యవర్తి’ వాదన ఇతరులు పెట్టిన సమాచారానికి మధ్యవర్తిని బాధ్యుణ్ని చేయని ఐటీ చట్టం సెక్షన్ 79 మీద ఆధారపడినది, కొంతవరకు నిజమే. అయితే తాను పరీక్షించానని ముద్ర వేసి ఉంటే అది మార్కెట్‌ప్లేస్ సొంత మాట, మధ్యవర్తి మాట కాదు. ముద్ర లేకపోయినా దాన్ని రెండో ప్రతివాదిగా చేర్చండి. అంతకుముందు దాని గ్రీవెన్స్ అధికారికి రాయండి: 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. విక్రేత చిరునామా లిఖితపూర్వకంగా అడిగితే ఇవ్వవలసిన బాధ్యత కూడా దానిదే. నోటీసు పంపడానికి ఆ చిరునామా కావాలి.

ఇప్పుడు వరస చెబుతాను. ఈరోజే విక్రేతకు ఈమెయిల్, మార్కెట్‌ప్లేస్ చాట్ రెండింటిలోనూ రాయండి: ‘ఆర్డరు నంబరు ఫలానా, సీరియల్ నంబరు ఫలానా రెగ్యులేటర్ మీ వర్ణనకు సరిపోలేదు కనుక తిరస్కరిస్తున్నాను. మీ ఖర్చుతో తీసుకెళ్లి, పూర్తి ధర 15 రోజుల్లో తిరిగి ఇవ్వండి.’ తిరస్కరిస్తున్నాను అన్న మాట స్పష్టంగా ఉండాలి. ‘సమస్య ఉంది, చూడండి’ అంటే సరిపోదు. తిరస్కరించిన సరుకును మీరే తిరిగి పంపాల్సిన పని లేదని, తెలియజేస్తే చాలునని విక్రయ చట్టం సెక్షన్ 43 అంటోంది. కార్డుతో కట్టి ఉంటే బ్యాంకులో చార్జ్‌బ్యాక్ (కార్డు చెల్లింపును వెనక్కి తిప్పమనే అభ్యర్థన) కూడా వెంటనే పెట్టండి, దాని గడువు కోర్టు గడువు కంటే చాలా తక్కువ. ప్రకటన పేజీని తేదీ, లింకు కనపడేలా స్క్రీన్‌షాట్ తీయండి, అమ్ముడుపోయాక విక్రేతలు వర్ణన మార్చేస్తారు. వీటిని సాక్ష్యంగా పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం, 2023 సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుల సర్టిఫికెట్ జతచేయాలి.

జవాబు రాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన ధర 50 లక్షల లోపు కనుక జిల్లా కమిషన్ చాలు, 5 లక్షల లోపయితే ఫీజు లేదు. మీరు నివసించే చోటే వేయవచ్చు, విక్రేత ఊరికి తిరగనక్కర్లేదు. కారణం ఏర్పడిన నాటి నుంచి గడువు రెండేళ్లు. ధర, కొరియర్, పరీక్ష ఖర్చు, వడ్డీ, ఓ మోస్తరు మనోవేదన పరిహారం అడగండి. నీళ్లలో ప్రాణం పోయేదంటూ వినియోగదారుల రక్షణ చట్టంలోని ‘ఉత్పత్తి బాధ్యత’ (లోపమున్న వస్తువు వల్ల కలిగిన హానికి పరిహారం) కింద లక్షల్లో అడగాలనిపిస్తుంది, వద్దు. ఆ అధ్యాయంలో ‘హాని’ అంటే వస్తువుకే జరిగిన నష్టం కాదని చట్టమే తేల్చింది. ఎవరికీ గాయం గానీ, ఇతర ఆస్తికి నష్టం గానీ జరగనంతవరకు అది మీకు పనికిరాదు.

ఒకవేళ ఆ సీరియల్ నంబరు గీకేసి ఉంటే వ్యవహారం వేరు. దొంగసొత్తు అయితే ఎంత నమ్మకంతో కొన్నా యాజమాన్యం మీకు రాదు, అసలు యజమాని వస్తే ఇచ్చేయాల్సిందే. విక్రేత నుంచి ధర రాబట్టుకోవాలి. కొత్తదే అయినా అధీకృత డీలరు కానివాడి దగ్గర తగ్గింపుకు కొన్నదైతే చాలా కంపెనీలు వారంటీ ఇవ్వవు. దాన్ని దాచిపెట్టి ‘కంపెనీ వారంటీ ఉంది’ అని అమ్మితే పైన చెప్పిన దారులన్నీ తెరిచే ఉంటాయి. విడిభాగాలు ఆగిపోయిన పాత మోడల్ అంటగట్టాడన్నది మాత్రం బలహీనమైన ఫిర్యాదు, భాగాలు దొరుకుతాయని అతనే చెప్పి ఉంటే తప్ప.

కేసు తేలేవరకు ఆ రెగ్యులేటర్‌తో డైవ్ చేయకండి, స్నేహితులకూ ఇవ్వకండి. విసుగొచ్చి అదే మార్కెట్‌ప్లేస్‌లో అమ్మేయాలనిపిస్తే, గేజ్ రీడింగులతో సహా లోపాన్ని ప్రకటనలోనే రాయాలి. తెలిసి దాచితే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 17 ఈసారి మీకే తగులుతుంది. కొన్నవాడు దానితో దిగి ప్రాణం పోగొట్టుకుంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద, నిర్లక్ష్యంతో మరణానికి కారణమయ్యారన్న నేరారోపణ మీ మీదికి రావచ్చు.