పిల్లి ఉన్న ఇంట్లోకి కుక్కను తెచ్చుకునే ముందు

మన ఊళ్లలో కుక్కది వాకిలి, పిల్లిది వంటిల్లు. కుక్క గడప దాటి లోపలికి వచ్చినా పిల్లి గోడ మీదికో, అటక మీదికో, పెంకుల మీదికో ఎక్కి కూర్చుంటుంది కనుక ఆ రెండింటికీ మచ్చిక చేయాలన్న ఆలోచన చిన్నప్పుడు మనలో ఎవరికీ కలగలేదు. అమెరికాలో రెండు పడకగదుల అపార్ట్‌మెంటులో పరిస్థితి వేరు. ఇక్కడ రెండూ 24 గంటలూ ఒకే కప్పు కింద ఉంటాయి. పిల్లికి ఎక్కడానికి ప్రహరీ లేదు, పారిపోవడానికి పెరడు లేదు. అందుకే, పిల్లల ముచ్చట తీర్చడానికి కుక్కను కూడా తెచ్చుకుంటామని కొత్తగా వచ్చినవారు ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది ఒకటే: ఆ గోడనూ ఆ అటకనూ పిల్లికి మీరే సమకూర్చి, ఆ తరువాతే కుక్కను ఇంట్లోకి తీసుకురండి.

ముందుగా లీజు చదవండి. పిల్లికి అనుమతి ఉన్నంత మాత్రాన కుక్కకూ ఉన్నట్టు కాదు. చాలా కాంప్లెక్సుల్లో కుక్క జాతి మీదా బరువు మీదా ఆంక్షలు, దానికి విడిగా డిపాజిట్టు, నెలనెలా పెట్ రెంటు, అంటే పెంపుడు జంతువుకు కట్టే అదనపు అద్దె, ఉంటాయి. లీజింగ్ ఆఫీసు అనుమతిని రాతపూర్వకంగానే తీసుకోండి. అమ్మానాన్నల దగ్గరున్న కుక్కనే ఇండియా నుంచి తెప్పించుకోవాలనుకునేవారు మాత్రం టికెట్ల కంటే ముందు అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీ నిబంధనలు చూసుకోవాలి. 2024 ఆగస్టు 1 నుంచి అమెరికాలోకి వచ్చే కుక్కకు కనీసం 6 నెలల వయసు, గుర్తింపు కోసం చర్మం కింద అమర్చే మైక్రోచిప్, సీడీసీ ఫారం ఉండాలి. భారతదేశం రేబిస్ ముప్పు ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో ఉన్నందువల్ల టీకా పత్రాల విషయంలో నియమాలు ఇంకా కఠినంగా ఉంటాయి.

కుక్కను ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. కూనను తెస్తే పిల్లితో కలిసి పెరుగుతుందని చాలామంది అంటారు గాని, నా అనుభవంలో ఇంతకుముందు పిల్లులున్న ఇంట్లో మెలిగిన, నాలుగైదేళ్ల నెమ్మదైన కుక్కే మేలు. కూనకు ఆట ఎక్కువ, అదుపు తక్కువ. వేటకోసం తరతరాలుగా పెంచిన గ్రేహౌండ్, టెర్రియర్ వంటి జాతుల్లో పరుగెత్తే చిన్న ప్రాణిని తరమాలన్న ఉబలాటం బలంగా ఉంటుంది కనుక, ఆ కుక్క పిల్లులను చూసినప్పుడు ఎలా ప్రవర్తిస్తుందో, కుక్కలను దత్తత ఇచ్చే షెల్టరువారిని సూటిగా అడగండి. కొన్ని షెల్టర్లు దత్తతకు ముందు కొన్ని రోజులు ఇంట్లో ఉంచుకుని చూడనిస్తాయి. ఆ అవకాశం ఉంటే వదులుకోకండి.

మేము చేసిన పొరపాటు చెబుతాను. కుక్కను తెచ్చిన సాయంత్రమే హాల్లో రెండింటినీ ఎదురెదురుగా వదిలేశాం. కుక్క కరవలేదు, ఆడుకోవాలని ఎగిరింది, అంతే. మా పిల్లి మల్లి వాషింగ్ మెషిన్ వెనకాల దూరి మరుసటి రోజు రాత్రి వరకూ మెతుకు ముట్టలేదు. పిల్లి ఒక రోజుకు మించి తినకపోతే ఆగకుండా చూపించాలని, పస్తు కొనసాగితే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు చెప్పేదాకా మాకు తెలియదు. మగపిల్లుల్లో బెదురు వల్ల మూత్రం బిగిసే ప్రమాదమూ ఉంది. అది లిట్టర్ బాక్సులో (పిల్లి మలమూత్రాలకు పెట్టే మట్టిపెట్టెలో) మాటిమాటికీ కూర్చుని లేస్తుంటే తెల్లవారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకువెళ్లాలి.

ఆ తరువాత మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. ఒక పడకగదిని మల్లికి ఇచ్చి, అందులోనే తిండి, నీళ్లు, లిట్టర్ బాక్సు, కిటికీ పక్కన పిల్లి ఎక్కి కూర్చునే ఎత్తైన స్టాండు (క్యాట్ ట్రీ) పెట్టి తలుపు మూశాం. రోజూ ఒక తువ్వాలుతో కుక్కను తుడిచి ఆ తువ్వాలును మల్లి గదిలో, మల్లి పడుకున్న గుడ్డను కుక్క దగ్గర ఉంచేవాళ్లం. కళ్లతో చూడకముందే ముక్కుతో పరిచయం కావాలి. మూసిన తలుపుకు అటొకటి ఇటొకటి గిన్నెలు పెట్టి, రెండూ నిశ్చింతగా తింటున్నాయని నమ్మకం కుదిరాక రోజుకు కాస్త చొప్పున తలుపు దగ్గరికి జరిపాం. ఆ తలుపు 17 రోజులు మూసే ఉంది. మీ ఇంట్లో 10 రోజులు చాలవచ్చు, నెల పట్టవచ్చు. ఆ లెక్క పిల్లిది, మీది కాదు. విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే వారికి ఈ సంగతి ముందే వివరించండి, ఎందుకంటే మూగజీవాన్ని గదిలో పెట్టి బంధించారన్న జాలితో వారు తలుపు తీసే వీలుంది.

తరువాత తలుపు దగ్గర అడ్డంగా బేబీ గేటు (పసిపిల్లలు దాటకుండా పెట్టే పొట్టి గేటు) పెట్టి, కుక్కను పట్టీతో పట్టుకుని, రోజుకు ఐదు నిమిషాలు మాత్రమే చూపించండి. పిల్లి వైపు నుంచి చూపు మరల్చుకుని మీ వైపు తిరిగిన ప్రతిసారీ కుక్క నోటికి ఏదైనా అందించండి. అది ఒళ్లు బిగించి, నోరు మూసి, రెప్పవేయకుండా పిల్లినే చూస్తుంటే అరుపు లేకపోయినా అది వేటచూపే. అక్కడితో ఆ రోజుకు ఆపేయండి. ఇంట్లో అందరూ ఒకే మాట వాడటం ముఖ్యం. తల్లి ‘వద్దు’ అని, తండ్రి ‘స్టాప్’ అని, పిల్లలు ‘నో’ అని అంటే కుక్కకు ఏదీ తలకెక్కదు. మేము ‘వద్దు’నే ఎంచుకున్నాం, వారంలో నేర్చుకుంది.

ఇంకొక్క మాట, ఇది తప్పక గుర్తుంచుకోండి. కుక్కల ఒంటి మీది పేలకు, గోమార్లకు మెడ మీద వేసే కొన్ని మందుల్లో పర్మెత్రిన్ ఉంటుంది. అది కుక్కకు హాని చేయదు గాని పిల్లి ప్రాణం తీయగలదు. కుక్క ఒంటిమీద తడిగా ఉన్న మందును పిల్లి నాకినా, రాసుకున్నా చాలు. పిల్లి ఉందని డాక్టరుకు చెప్పి వేరే మందు రాయించుకోండి.

రెండూ ఒక దుప్పటి మీద పడుకోవాలని ఆశించకండి. ఒకదాన్నొకటి పట్టించుకోకుండా తిరుగుతుంటే పని అయినట్టే. అప్పటికీ, ఆఫీసుకు వెళ్లేటప్పుడు కొన్ని నెలలపాటు విడివిడి గదుల్లోనే ఉంచండి. వీసా స్టాంపింగుకు ఇండియా వెళ్లాల్సి ఉంటే తిరిగి వచ్చాకే కుక్కను తెచ్చుకోండి. ముందే తెచ్చుకుంటే, అక్కడ వీసా అపాయింట్‌మెంటు వాయిదా పడినప్పుడు, ఇంకా కలవని ఆ రెండింటినీ స్నేహితుల ఇంట్లో కలిపి వదిలి ఉంచవలసి వస్తుంది.