రెండో బ్యాటరీ పెట్టండి గానీ, ముందు ఆ స్విచ్ సంగతి తేల్చండి

"బోట్‌లో ఒకటే బ్యాటరీ ఉంది. రాత్రి లైట్లు, ఫ్రిజ్ వాడితే పొద్దున ఇంజిన్ స్టార్ట్ అవుతుందో లేదో అని టెన్షన్. పక్కన ఇంకో బ్యాటరీ పెట్టి ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలిపేస్తే సరిపోతుందా?" అని మీరు అడిగారు.

సరిపోదు. దాదాపు అదే పని చేసి నీళ్ళ మధ్యలో కూర్చున్నవాణ్ణి కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

దాదాపు అని ఎందుకన్నానంటే, నేను మరీ అంత మొరటుగా కలపలేదు. మధ్యలో స్విచ్ పెట్టాను. గుండ్రంగా, నాలుగు గుర్తులతో ఉంటుంది: ఆఫ్, ఒకటి, రెండు, రెండూ కలిపి. ఒకటి మీద ఇంజిన్ బ్యాటరీ, రెండు మీద మిగతా సామాను నడిపే బ్యాటరీ. బిగించిన రోజు దాన్ని అటూ ఇటూ తిప్పుకుంటూ ఎంత మురిసిపోయానో చెప్పలేను. పాతది 70 ఆంపియర్ అవర్ల (గంటకి ఒక ఆంపియర్ చొప్పున 70 గంటలు ఇచ్చేంత) స్టార్టింగ్ బ్యాటరీ, కొత్తది 100 ఆంపియర్ అవర్ల డీప్ సైకిల్, అంటే కొద్దికొద్దిగా ఎక్కువసేపు కరెంటు ఇచ్చే రకం. ఇక మనకి తిరుగులేదనుకున్నాను.

ఒక శుక్రవారం సాయంత్రం నేనూ, మా బావమరిదీ ఒడ్డుకి దూరంగా వెళ్ళి లంగరు వేశాం. ఆదివారం పొద్దున్నే వెనక్కి రావాలని ప్లాన్. ఫ్రిజ్ నడుస్తోంది, పాటలు నడుస్తున్నాయి, లాప్‌టాప్ కోసం ఇన్వర్టర్ పెట్టాం. పని అయ్యాక లాప్‌టాప్ తీశాం గానీ ఇన్వర్టర్ ఆపలేదు. దానికి ఏమీ తగిలించకపోయినా ఊరికే కరెంటు తాగుతూ ఉంటుందని అప్పట్లో నాకు తెలియదు.

ఆదివారం పొద్దున లంగరు తీయబోయే ముందు ఇంజిన్ స్టార్ట్ చేద్దామని కీ తిప్పాను. టక్. మళ్ళీ తిప్పాను. టక్, టక్ టక్ టక్. అంతే, స్టార్టర్ తిరగలేదు. చేపల్ని చూపించే స్క్రీన్ ఒక్కసారి మిణుక్కుమని ఆరిపోయింది.

"బావా, రెండు బ్యాటరీలున్నాయిగా?" అన్నాడు వాడు.

"ఉన్నాయి."

"మరి?"

మూత ఎత్తి చూశాను. స్విచ్ ముల్లు "రెండూ" మీద ఉంది. శుక్రవారం వస్తున్నప్పుడు రెండూ చార్జ్ అవుతాయని అక్కడ పెట్టాను. లంగరు వేశాక "రెండు" మీదకి తిప్పాలి. మర్చిపోయాను. పాటలు పెట్టే హడావిడిలో ఎవరికి గుర్తుంటుంది?

మల్టీమీటర్ పెడితే 11.4 వోల్టులు చూపించింది. నిండుగా ఉన్న 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ, ఏ పనీ లేకుండా కాసేపు ఉంచితే 12.6 పైన చూపించాలి. 12.2 దగ్గరకొస్తే సగం అయిపోయినట్టు. 11.4 అంటే ఇక అందులో ఏమీ లేదని అర్థం. రెండూ ఒకటే తీగ మీద ఉన్నాయి కాబట్టి రెండూ కలిసే ఖాళీ అయ్యాయి. పైగా పాతది సగం చచ్చిన బ్యాటరీ, కొత్తదాన్ని కూడా తనతో పాటు లాక్కుపోయింది.

తర్వాత తాడు కథ. ఇంజిన్ పై మూత తీసి, ఫ్లైవీల్ (ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం) గాడిలో ముడి పెట్టి, ఎమర్జెన్సీ తాడు చుట్టి లాగాలి. మా బావమరిది పదిహేనుసార్లు లాగాడు. అరచేతిలో బొబ్బ లేచింది గానీ ఇంజిన్ దగ్గనైనా దగ్గలేదు. మాది ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజిన్. దాని పెట్రోల్ పంపుకీ, కంప్యూటర్‌కీ బ్యాటరీ కరెంటు కావాలి. పాత కార్బ్యురేటర్ ఇంజిన్ అయితే తాడుతో బతికిపోయేవాళ్ళం.

రెండు గంటల తర్వాత ఒక పెద్దాయన చిన్న బోట్‌లో అటు వచ్చాడు. చేతులూపాం. జంపర్ కేబుళ్ళు తీసి, మా మూత ఎత్తి, స్విచ్ వైపు ఒక చూపు చూసి, "రెండు పెట్టుకుని ఒక్కదాని పనే చేయించుకుంటున్నారు కదా బాబూ" అన్నాడు. ఆయన బ్యాటరీ తగిలించగానే ఇంజిన్ మొదటి దెబ్బకే అందుకుంది. వెనక్కి వచ్చేదాకా మా బావమరిది ఒక్క మాట మాట్లాడలేదు. వాడు మాట్లాడి ఉంటేనే నయమనిపించింది.

ఇంటికొచ్చి లెక్క వేశాను. ఫ్రిజ్ నడిచేటప్పుడు 4 ఆంపియర్లు లాగుతుంది, సగం సేపు నడిచిందనుకుంటే సగటున 2. శుక్రవారం సాయంత్రం నుంచి దాదాపు 38 గంటలు, అంటే 76 ఆంపియర్ అవర్లు. పాటలు, లైట్లు కలిపి రెండు రాత్రులకి ఓ 25. ఖాళీగా వదిలేసిన ఇన్వర్టర్ గంటకి ఒకటి చొప్పున ఇంకో 38 దాకా. మొత్తం 139. కాగితం మీద నా దగ్గర 170 ఉన్నాయి కదా అంటారేమో. పాతదాంట్లో సగం కూడా లేదు. పైగా లెడ్ యాసిడ్ బ్యాటరీని మాటిమాటికీ సగం కన్నా కిందకి దించితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. అంటే 100 ఉన్న బ్యాటరీలో మన సొంతం 50 మాత్రమే. ఇది కొనేటప్పుడు ఎవరూ చెప్పరు.

అందుకే నా మాట, రెండో బ్యాటరీ అన్నది సగం పనే. రెండింటినీ విడదీసి ఉంచే ఏర్పాటు మిగతా సగం, అదీ మనిషి జ్ఞాపకం మీద ఆధారపడకూడదు. వోల్టేజ్ చూసి పనిచేసే రిలే, అంటే తనంతట తానే పడే స్విచ్, ఒకటి దొరుకుతుంది, అరచేతిలో పట్టేంత ఉంటుంది. ఇంజిన్ నడుస్తూ చార్జింగ్ మొదలై వోల్టేజ్ 13.3 దాటిందంటే (మోడల్‌ని బట్టి కాస్త అటూ ఇటూ) రెండు బ్యాటరీల్నీ కలుపుతుంది. ఇంజిన్ ఆగి 12.8 దగ్గరకి దిగగానే విడదీస్తుంది. ఇంజిన్ బ్యాటరీ మీద స్టార్టర్ తప్ప ఇంకేమీ ఉండదు. రాత్రంతా పాటలు పెట్టుకోండి, ఫ్రిజ్ ఆగిపోతుందేమో గానీ పొద్దున ఇంజిన్ లేస్తుంది. నాది అప్పుడు బిగించాక ఇప్పటిదాకా ఒక్కసారి కూడా మొండికెయ్యలేదు.

"స్విచ్ చాలు, గుర్తుపెట్టుకుంటే పోలా?" అనేవాళ్ళు ప్రతి చోటా ఉంటారు. వాళ్ళకి నా ప్రశ్న ఒకటే, గ్యాస్ కట్టేశారో లేదో చూడ్డానికి మీరెన్నిసార్లు వెనక్కి వెళ్ళారు? పైగా ఆ స్విచ్‌తో ఇంకో ప్రమాదం ఉంది. ఇంజిన్ నడుస్తుండగా పొరపాటున ఆఫ్ మీదుగా తిప్పితే ఆల్టర్నేటర్‌లో (ఇంజిన్ తిరుగుతుంటే బ్యాటరీని చార్జ్ చేసే భాగం) డయోడ్లు కాలిపోవచ్చు. ఆల్టర్నేటర్ నుంచి వచ్చే కరెంటుకి పోయే దారి ఉండదు, వోల్టేజ్ ఒక్కసారిగా ఎగుస్తుంది.

ఇక "లిథియం కొనేయండి, గొడవ వదిలిపోతుంది" అనే బ్యాచ్. బ్యాటరీ మంచిదే, తేలిక, సగం కాదు దాదాపు మొత్తం వాడుకోవచ్చు. కానీ దాన్ని నేరుగా పాత ఆల్టర్నేటర్‌కి తగిలిస్తే అది ఎంత ఇస్తే అంతా లాగేసుకుంటుంది. ఆల్టర్నేటర్ వేడెక్కి మాడిపోవచ్చు. మధ్యలో ఆ లాగుడుని అదుపులో ఉంచే, డీసీ నుంచి డీసీకి మార్చే చార్జర్ పెట్టాలి. ఈ ముక్క మాత్రం ఆ బ్యాచ్ ఎప్పుడూ చెప్పదు. లెడ్ యాసిడ్‌నీ లిథియంనీ పైన చెప్పిన రిలేతో కలిపేయడం అంతకన్నా తప్పు.

బిగించే పని దగ్గరికొస్తే, బోట్ల మీద నాకున్న పెద్ద కోపం చెవుల నట్లు. వేళ్ళతో తిప్పే రెక్కల నట్లు ఉంటాయే, అవి. అలల కుదుపుకి నెమ్మదిగా వదులైపోతాయి. ఇంజిన్ స్టార్ట్ అవ్వట్లేదని బ్యాటరీ మార్చేసినవాళ్ళని చూశాను, తీరా చూస్తే నట్ వదులు. పానాతో బిగించే లాక్ నట్లు పెట్టండి. తీగ మామూలు ఇంటి వైరింగ్‌ది కాకుండా బోట్ల కోసం చేసేది, లోపల రాగి పోగులకి తగరం పూత ఉన్నది వాడండి. లేకపోతే కొన్నాళ్ళకి లోపల్నించి నల్లబడుతుంది, బయటికి ఏమీ కనిపించదు.

ఫ్యూజ్ గురించి మాత్రం బేరాలు వద్దు. కొత్త బ్యాటరీ నుంచి వచ్చే ప్లస్ తీగకి, బ్యాటరీకి వీలైనంత దగ్గరలో, ఏడు అంగుళాల లోపల ఫ్యూజ్ ఉండాలి. ఈ బ్యాటరీలు షార్ట్ అయితే వెయ్యి ఆంపియర్లు కూడా ఇవ్వగలవు. నీళ్ళ మీద మంట అంటుకుంటే చుట్టూ నీళ్ళే ఉన్నా లాభం లేదు. ఫ్యూజ్ సైజు తీగని బట్టి ఎంచుకోవాలి, మీ ఫ్రిజ్‌ని బట్టి కాదు.

బోట్ అడుగున చేరిన నీళ్ళు తోడే పంపుని మాత్రం ఏ బ్యాటరీ స్విచ్‌తోనూ ముడిపెట్టకండి. దాని సొంత ఫ్యూజ్‌తో నేరుగా రెండో బ్యాటరీకి తగిలించండి. మీరు అన్నీ ఆపేసి ఇంటికెళ్ళాక రాత్రి వాన పడితే పనిచెయ్యాల్సింది అదే.

ఒక విషయం నిజాయితీగా చెప్పాలి. మీరు పగలు వెళ్ళి సాయంత్రానికి వచ్చేసే రకమైతే, ఫ్రిజ్ లేకపోతే, ఈ తతంగమంతా అక్కర్లేదు. చేతిలో పట్టే జంప్ స్టార్టర్ (ఇంజిన్ స్టార్ట్ చేసేంత శక్తి ఉన్న చిన్న బ్యాటరీ) ఒకటి చార్జ్ చేసి సంచిలో పడేసుకోండి. మీరు రాత్రి ఫ్రిజ్ అన్నారు కాబట్టే ఇంత రాశాను.

కొనే ముందు ఇంజిన్ మాన్యువల్ తీసి ఆల్టర్నేటర్ ఎన్ని ఆంపియర్లు ఇస్తుందో చూడండి. చిన్న అవుట్‌బోర్డుల్లో (బోట్ వెనక తగిలించే ఇంజిన్లు) కొన్ని 6 నుంచి 15 మధ్యే ఇస్తాయి, అదీ జోరుగా నడిపినప్పుడు. అలాంటి ఇంజిన్‌తో గంట సేపు మెల్లగా తిరిగొస్తే రెండో బ్యాటరీ నిండదు, ఒడ్డున చార్జర్ పెట్టాల్సిందే. బరువు కూడా చూసుకోవాలి. 100 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ పాతిక కిలోలు పైనే ఉంటుంది. నేను మొదట ఎడమ పక్క పెట్టాను, బోట్ అటే ఒరిగి నడిచేది. మా బావమరిదిని కుడి పక్క కూర్చోబెట్టి కొన్నాళ్ళు నెట్టుకొచ్చాను. తర్వాత మధ్యలోకి జరిపి, పెట్టెలో పెట్టి, బెల్టుతో కట్టేశాను. వాడు మాత్రం ఇప్పటికీ అలవాటుగా కుడి పక్కే కూర్చుంటాడు.